పోర్టింగ్ చేసిన ఇంజిన్‌కు ఇన్‌టేక్ గ్యాస్కెట్: ఎంత కోయాలి, ఎక్కడ ఆగాలి

సిలిండర్ హెడ్‌లోని ఇన్‌టేక్ పోర్టులను, అంటే సిలిండర్లలోకి గాలి వెళ్ళే దారులను, గ్రైండర్‌తో వెడల్పు చేసి, వాటి మలుపులను సరిదిద్దిన తరువాత (ఈ పనినే పోర్టింగ్ అంటారు), ఆ ఇంజిన్ కోసం మొదట తయారైన గ్యాస్కెట్ ఇక ఆ పోర్టులకు సరిపోదు. హెడ్‌కూ, గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల భాగమైన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ నడుమ అది పాత కొలతలతోనే కూర్చుంటుంది కాబట్టి, దాని లోపలి అంచు కొత్త గోడను దాటి గాలి దారిలోకి పొడుచుకొస్తుంది. గంటల తరబడి ఓపికగా చేసిన పోర్టింగ్ వల్ల దక్కిన లాభంలో చాలా భాగాన్ని ఆ సన్నని ఫైబర్ అంచు హరించగలదు. ఇందుకు రెండు సలహాలు తరచుగా వినిపిస్తాయి: గ్యాస్కెట్‌ను పోర్టుకు సమానంగా కోసేయమనేది ఒకటి, గ్యాస్కెట్ రంధ్రం ఎంత ఉందో పోర్టును అంత మేర తవ్వమనేది మరొకటి. మొదటిది అసంపూర్ణమైన సలహా, రెండోది చాలా ఇంజిన్ల విషయంలో పొరపాటు. పోర్టు కొలతను గాలి ప్రవాహం నిర్ణయించాలి, గ్యాస్కెట్ ఆ పోర్టును అనుసరించాలి, ఎంత వరకు అనుసరించవచ్చో మిగిలే సీలింగ్ అంచు వెడల్పు తేల్చాలి. ఈ వరస తలకిందులైనప్పుడే నష్టాలు మొదలవుతాయి.

ముందుగా గ్యాస్కెట్ చేసే పనిని స్పష్టం చేసుకోవాలి. మెషినింగ్ చేసిన లోహపు ముఖాలు కంటికి ఎంత చదునుగా కనిపించినా వాటి మీద సన్నని గీతలూ పల్లాలూ ఉంటాయి. బోల్టుల బిగింపు కింద నలిగి ఆ పల్లాలను నింపి, గాలి చొరబడే సందు లేకుండా చేయడమే గ్యాస్కెట్ పని. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ వదిలేసి) తిరుగుతున్నప్పుడు మానిఫోల్డ్ లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కంటే సుమారు 60 కిలోపాస్కల్స్ తక్కువగా ఉంటుంది. ఆ స్థితిలో వెంట్రుకవాసి సందు దొరికినా బయటి గాలి లోపలికి దూసుకుపోతుంది, ఇంధనంతో కొలిచి కలపని ఆ గాలి వల్ల మిశ్రమం పలచబడుతుంది. టర్బో ఉన్న ఇంజిన్‌లో లోడు పెరిగినప్పుడు ఇదే సందు గుండా గాలి బయటికి పోతుంది. వీ ఆకారపు ఇంజిన్లు చాలావాటిలో ఇంకో బాధ్యత కూడా తోడవుతుంది: ఒకే గ్యాస్కెట్ గాలి దారులతో పాటు కూలెంట్ దారులనూ మూసి ఉంచాలి. కోత గురించి ఆలోచించే ప్రతి దశలోనూ ఈ సీలింగ్ పనే మొదటిదని, ప్రవాహానికి దారివ్వడం రెండోదని గుర్తుంచుకోవాలి.

ఇక పొడుచుకొచ్చిన అంచు చేసే నష్టాన్ని లెక్కలో చూద్దాం. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని పోర్టులోకి గ్యాస్కెట్ చుట్టూ ఒక్క మిల్లీమీటరు చొప్పున పొడుచుకొస్తే, అక్కడ దారి 38 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. వైశాల్యం 1257 చదరపు మిల్లీమీటర్ల నుంచి 1134కు, అంటే దాదాపు పది శాతం పడిపోతుంది. అసలు నష్టం ఇంతకంటే ఎక్కువే, ఎందుకంటే పదునైన అంచును దాటే గాలి వెంటనే గోడకు అంటుకోదు. అది మరికొంత కుంచించుకుని, అంచు వెనుక సుడులు రేపి, కొంత దూరం పోయాక గానీ మళ్ళీ పోర్టు నిండా పరుచుకోదు. కార్బ్యురేటర్ ఉన్న ఇంజిన్లలో దీనికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఇంధనంలో కొంత భాగం ఆవిరి కాకుండా గోడల వెంట పలుచని పొరగా పారుతూ వస్తుంది. అడ్డం వచ్చిన అంచు దగ్గర అది నిలిచి, బొట్లుగా విరిగి, ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా సిలిండర్‌లోకి చేరుతుంది. ఇంజెక్టర్లు వాల్వు దగ్గరే ఉండే ఇంజిన్లలో ఇంధనపు చిక్కు తగ్గుతుంది గానీ గాలికి కలిగే అడ్డంకి అలాగే ఉంటుంది.

అయితే మెట్లన్నీ ఒకే రకం కావు. ప్రవాహానికి ఎదురుగా నిలిచే మెట్టు, అంటే పెద్ద దారి నుంచి చిన్న దారిలోకి హఠాత్తుగా మారే చోటు, చాలా హానికరం. ప్రవాహం వెళ్ళే దిశలో దారి స్వల్పంగా విశాలమైతే హాని తక్కువ. అందువల్ల మానిఫోల్డ్ మూతి హెడ్ పోర్టు మూతి కంటే అర మిల్లీమీటరు చిన్నదిగా ఉండటంలో తప్పు లేదు, హెడ్ చిన్నదై మానిఫోల్డ్ పెద్దదైతేనే గాలి అంచుకు కొట్టుకుంటుంది. పైగా ఇలా మానిఫోల్డ్ చిన్నదైనప్పుడు ఏర్పడే మెట్టు తక్కువ వేగాల్లో కొంత మేలు కూడా చేయవచ్చు: ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకునే ఇంజిన్లలో పిస్టన్ పైకి వస్తూ కొంత మిశ్రమాన్ని వెనక్కు నెడుతుంది, వెనక్కు వచ్చే ఆ అలకు ఆ చిన్న మెట్టు అడ్డు నిలుస్తుంది. గ్యాస్కెట్ రంధ్రం రెండు మూతుల కంటే కొద్దిగా పెద్దదైతే ఏర్పడేది సన్నని గాడి మాత్రమే. మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర వెడల్పు ఉన్న గాడి మీదుగా గాలి దాదాపు ఏమీ ఎరగనట్టే దాటిపోతుంది. లోపలికి పొడుచుకొచ్చే అంచుకూ బయటికి జరిగిన అంచుకూ మధ్య ఎంపిక వచ్చినప్పుడు ఎప్పుడూ రెండోదే ఎంచుకోవాలనడానికి కారణం ఇదే.

గ్యాస్కెట్‌ను మూసగా వాడే అలవాటు గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇంజిన్లు చెడేది ఇక్కడే. హెడ్ ముఖానికి నీలిరంగు మార్కింగ్ పూసి, గ్యాస్కెట్‌ను బోల్టులతో నిలిపి, దాని రంధ్రం చుట్టూ స్క్రైబర్‌తో (లోహం మీద గీసే సూదిమొనతో) గీత గీసి, ఆ గీత వరకు లోహాన్ని తొలగించడం పాత పద్ధతి. చిన్న బ్లాక్ షెవర్లే వీ8 కోసం ఫెల్-ప్రో తయారుచేసే 1205, 1206 గ్యాస్కెట్లు ఈ పనికి మూసలుగా బాగా పేరుపడ్డాయి. మొదటిదాని పోర్టు రంధ్రం 1.28 × 2.09 అంగుళాలు, రెండోదానిది 1.34 × 2.21 అంగుళాలు. మూలల గుండ్రదనాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే రెండింటి వైశాల్యానికీ మధ్య సుమారు పది శాతం తేడా ఉంది. పెద్దదాన్ని మూసగా తీసుకుని మూతిని మాత్రమే ఆ మేరకు తెరిచినంత మాత్రాన పోర్టు పది శాతం ఎక్కువ గాలిని ఇవ్వదు. ఆ హెడ్‌లో గాలిని నియంత్రించేది మూతి కాదు. పుష్‌రాడ్ (వాల్వును తెరవడానికి కదిలే కడ్డీ) పక్కగా పోర్టు సన్నబడే చోటు, వాల్వు సీటు కింది గొంతు, వాల్వు వంటివి దాన్ని నియంత్రిస్తాయి. మూతి వెడల్పై లోపల పాత ఇరుకే మిగిలితే, గాలి మూతి దగ్గర వేగం కోల్పోయి కొద్ది దూరంలోనే మళ్ళీ వేగం పుంజుకోవలసి వస్తుంది. ఆ విస్తరణలోనూ సంకోచంలోనూ శక్తి వృథా అవుతుంది, తక్కువ వేగాల్లో టార్క్ (ఇంజిన్ తిప్పుడు బలం) తగ్గుతుంది. నా అభిప్రాయంలో మార్కెట్లో దొరికే గ్యాస్కెట్ రంధ్రం ఒక సౌకర్యమే తప్ప లక్ష్యం కాదు. ఇంజిన్ సామర్థ్యానికీ అది తిరిగే వేగానికీ ఎంత అడ్డుకోత వైశాల్యం కావాలో తేల్చుకుని, పోర్టు పొడవునా దాన్ని ఒక క్రమంలో ఉంచి, ఆ తరువాతే గ్యాస్కెట్ వైపు చూడాలి.

పోర్టు ఆకారం ఖరారైందనుకుందాం. గ్యాస్కెట్‌ను దానికి సరిసమానంగా కోస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. సరిపోదు, రెండు కారణాల వల్ల. బిగింపు కింద నలిగే పదార్థం మందం కోల్పోయిన మేర పక్కలకు ఉబుకుతుంది, కాబట్టి బల్ల మీద సమానంగా ఉన్న అంచు ఇంజిన్‌లో కొంత లోపలికి వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది బోల్టు రంధ్రాల్లోని వదులు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 9 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తారు, అంటే భాగం ప్రతి దిక్కుకూ అర మిల్లీమీటరు జరగగలదు. గ్యాస్కెట్ ఒక వైపుకూ మానిఫోల్డ్ మరో వైపుకూ జరిగితే వాటి మధ్య తేడా పూర్తి మిల్లీమీటరు అవుతుంది. అందుకని గ్యాస్కెట్ రంధ్రాన్ని పోర్టు కంటే చుట్టూ 0.5 నుంచి 1 మిల్లీమీటరు వరకు పెద్దదిగా ఉంచడం మంచిది. వదులు తక్కువగా ఉండే చోట 0.5 చాలు. వీలైతే హెడ్‌లో ఎడంగా ఉండే రెండు చోట్ల డోవెల్ పిన్నులు (స్థానం కదలకుండా నిలిపే బిగుతైన చిన్న కడ్డీలు) అమర్చి గ్యాస్కెట్‌కూ మానిఫోల్డ్‌కూ వాటికి సరిగ్గా సరిపోయే రంధ్రాలు వేస్తే, ఎన్నిసార్లు విప్పి బిగించినా భాగాలు అదే స్థానానికి వస్తాయి. పోర్టింగ్‌కు పెట్టిన శ్రమతో పోలిస్తే ఈ పిన్నుల పని చాలా చిన్నది, అయినా ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు.

ఎక్కడ ఆగాలన్నది ఇప్పుడు వస్తుంది. రంధ్రం అంచు నుంచి గ్యాస్కెట్ బయటి అంచు వరకు, లేదా పక్కనున్న బోల్టు రంధ్రం, కూలెంట్ రంధ్రం, రెండో పోర్టు వరకు మిగిలే పదార్థమే సీలింగ్ అంచు. పక్కపక్కనే జంటగా ఉండే రెండు పోర్టుల మధ్య మొదట 8 మిల్లీమీటర్ల పట్టీ ఉందనుకోండి. రెండు పోర్టుల గోడలనూ 1.5 మిల్లీమీటర్ల చొప్పున తొలగించి, గ్యాస్కెట్‌కు మరో 0.75 వదులు ఇస్తే, ఒక్కో వైపు 2.25 పోయి మధ్యలో 3.5 మిల్లీమీటర్లే మిగులుతాయి. బయటి అంచు వైపు కూడా మొదట 8 ఉంటే, కోత ఒక్క వైపే కాబట్టి 5.75 మిగిలేది. పలుచని ఫైబర్ గ్యాస్కెట్ విషయంలో బయటి గాలి వైపు గానీ కూలెంట్ వైపు గానీ 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలే పరిస్థితి వస్తే, గ్యాస్కెట్‌ను కాక పోర్టునే మళ్ళీ ఆలోచించాలని నేను అంటాను. రెండు పోర్టుల నడుమ పట్టీ కొంచెం సన్నబడినా సహించవచ్చు, ఎందుకంటే అక్కడ కారినా బయటి గాలి లోపలికి రాదు, ఒక పోర్టు మిశ్రమం మరో పోర్టులోకి మాత్రమే పోతుంది. కూలెంట్ వైపు అలాంటి ఉదారత కుదరదు. అక్కడ తేడా వస్తే నీళ్ళు ఇంజిన్ ఆయిల్‌లో కలిసి పాలలా మారి బేరింగులను నాశనం చేస్తాయి.

సన్నని పట్టీ తెగిపోవడానికి ఉష్ణ వ్యాకోచం కూడా ఒక కారణం. పోత ఇనుప హెడ్ మీద అల్యూమినియం మానిఫోల్డ్ కూర్చున్న ఇంజిన్లలో అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అర మీటరు పొడవున్న మానిఫోల్డ్ 80 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే అది సుమారు 0.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అదే పొడవున్న ఇనుప ముఖం 0.45 దగ్గర ఆగిపోతుంది. ప్రతిసారీ ఇంజిన్ వేడెక్కి చల్లారినప్పుడు ఆ అర మిల్లీమీటరు తేడా రెండు ముఖాల నడుమ నలిగి ఉన్న గ్యాస్కెట్ మీద పడుతుంది. వెడల్పైన పట్టీ ఈ రాపిడిని ఏళ్ళ తరబడి తట్టుకోగలదు, అతి సన్నగా కోసిన పట్టీ పొరలుగా విడిపోయి ఒక రోజు పోర్టులోకి జారిపోతుంది.

అన్ని గ్యాస్కెట్లూ కోతకు పనికిరావు. అరామిడ్ పోగులను నైట్రైల్ రబ్బరుతో కలిపి ఒత్తిన ఫైబర్ షీటు, మందపాటి గ్యాస్కెట్ కాగితం వంటివి ఎక్కడ కోసినా ఒకేలా సీలు చేస్తాయి కాబట్టి వాటిని నిశ్చింతగా మలచవచ్చు. లోపల చిల్లుల ఉక్కు రేకు ఉండి రెండు వైపులా మెత్తని పదార్థం అంటించిన రకాన్ని కోయవచ్చు గానీ, రేకు అంచున లేచిన ముళ్ళను పూర్తిగా తీసేయాలి, అంచు దగ్గర పూత ఊడకుండా చూడాలి. పోర్టు చుట్టూ ఉబ్బెత్తుగా ఒత్తిన గీత ఉండే ఉక్కు గ్యాస్కెట్, సిలికాన్ గీత ముద్రించిన గ్యాస్కెట్, ప్లాస్టిక్ చట్రంలో రబ్బరు అంచు పోసిన గ్యాస్కెట్ అలా కావు. వాటిలో సీలింగ్ అంతా ఆ గీతలోనే ఉంది. గీతకు లోపలి వైపున్న అదనపు పదార్థాన్ని మాత్రమే తీయవచ్చు, కోత గీతను తాకితే ఆ గ్యాస్కెట్ పని అయిపోయినట్టే. మానిఫోల్డ్‌లో గాడి చేసి రబ్బరు రింగు కూర్చోబెట్టే ఆధునిక ఇంజిన్లలో అయితే హద్దు మానిఫోల్డ్ లోహంలోనే ఉంటుంది: పోర్టు గోడకూ గాడికీ మధ్య మిగిలే లోహాన్ని తవ్వి పలుచన చేయకూడదు.

కోసే పనిలో మొదటిది ఆకారాన్ని గ్యాస్కెట్ మీదికి తేవడం. పోర్టు అంచున ప్రష్యన్ బ్లూ (అచ్చు తీయడానికి వాడే నీలిరంగు) పలుచగా రాసి, గ్యాస్కెట్‌ను డోవెళ్ళ మీదుగా గానీ సరిగ్గా సరిపోయే స్టడ్ల మీదుగా గానీ నిలిపి ఒత్తితే వెనుక వైపు స్పష్టమైన అచ్చు పడుతుంది. హెడ్ వైపు ఒకసారి, మానిఫోల్డ్ వైపు మరోసారి అచ్చు తీసి, రెండింటిలో ఏది బయటికి ఉంటే దాన్ని ఆధారంగా తీసుకుని, దాని చుట్టూ ముందు చెప్పిన వదులు కలిపి గీత గీయాలి. ఫైబర్ షీటుకు కొత్త బ్లేడు ఉన్న కత్తి చాలు, ఒకే దెబ్బలో తెంచాలని చూడకుండా తేలిక ఒత్తిడితో అదే గీత మీద పలుమార్లు లాగాలి. మూలల గుండ్రదనానికి తగిన వ్యాసం ఉన్న హాలో పంచ్‌తో (గుండ్రని రంధ్రం కొట్టే బోలు పనిముట్టుతో) ముందుగా నాలుగు మూలలు కొట్టి, తరువాత వాటిని కలుపుతూ సరళరేఖలు కోస్తే అంచు ఎక్కడా చిరగదు. గ్యాస్కెట్‌ను భాగం మీదే పరిచి సుత్తితో అంచు వెంట తడుతూ తెంపే పాత పద్ధతి ఇనుప హెడ్‌కు చెల్లుతుందేమో గానీ అల్యూమినియం అంచును గుండ్రం చేసి సీలింగ్ ముఖాన్ని పాడుచేస్తుంది, దాన్ని ఈ పనిలో వాడకపోవడమే మేలు. ఉక్కు రేకు ఉన్న రకాన్ని రెండు గట్టి పలకల మధ్య బిగించి, పలకలకు ముందే వేసిన రంధ్రం వెంట డై గ్రైండర్‌కు చిన్న శాండ్‌పేపర్ రోలు తగిలించి అరగదీస్తే పొరలు విడిపోవు. ఒకే రకం గ్యాస్కెట్లను కొన్నింటిని కలిపి బిగించి అరగదీస్తే అన్నీ ఒకే కొలతకు వస్తాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. చాలా పాత ఇంజిన్ల గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అలాంటి గ్యాస్కెట్‌ను పొడిగా గీకకూడదు, గ్రైండర్‌తో అసలే తాకకూడదు. తడిపి, ముక్కలుగా ఊడదీసి, సంచిలో మూసి పారేయాలి. కొత్త అరామిడ్ షీట్లను అరగదీసేటప్పుడు కూడా ముక్కుకు మాస్కు, కంటికి అద్దాలు తప్పనిసరి.

వీ ఇంజిన్లలో గ్యాస్కెట్ మందం పోర్టుల వరసనే మార్చేస్తుందన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. మానిఫోల్డ్ రెండు వాలు ముఖాల నడుమ మేకులా కూర్చుంటుంది. ఆ ముఖాలు 45 డిగ్రీల వాలులో ఉంటే, రెండు వైపులా గ్యాస్కెట్ ఒక మిల్లీమీటరు మందమైనప్పుడు మానిఫోల్డ్ నిలువుగా 1.4 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, దాని పోర్టులు హెడ్ ముఖం వెంట పూర్తి మిల్లీమీటరు జరుగుతాయి. హెడ్లను గానీ బ్లాకును గానీ మిల్లింగ్ చేసి చదును చేయించినప్పుడు ఇదే జ్యామితి తారుమారై, మానిఫోల్డ్ పోర్టులు హెడ్ పోర్టులతో కలవకుండా పోతాయి. ఆ తేడాను గ్యాస్కెట్ రంధ్రాన్ని పైకో కిందికో సాగదీసి దాచడం తప్పు, తగిన మందం ఉన్న గ్యాస్కెట్‌తోనో మానిఫోల్డ్ ముఖాన్ని మిల్లింగ్ చేయించో సరిచేయాలి. పోర్టు అచ్చులు తీయడానికి ముందే చివరికి వాడబోయే మందం ఖరారు కావాలి, లేకపోతే చేసిన కొలతలన్నీ వృథా.

టూ-స్ట్రోక్ ఇంజిన్లలో ఇదే పని మరింత సున్నితం. గాలిని ఒకే దిశలో పోనిచ్చే రీడ్ వాల్వు పెట్టె గ్యాస్కెట్, సిలిండర్ కింద, మిశ్రమాన్ని సిలిండర్‌లోకి పంపే ట్రాన్స్‌ఫర్ దారుల చుట్టూ ఉండే బేస్ గ్యాస్కెట్ రెండూ పోర్టింగ్ తరువాత అడ్డం వస్తాయి. బేస్ గ్యాస్కెట్ మందం మారితే పోర్టులు తెరుచుకునే సమయమూ, పిస్టన్ పై స్థానంలో హెడ్‌తో మిగిలే ఎడమూ మారిపోతాయి కాబట్టి దాన్ని ఆకారం వరకే మార్చి మందం జోలికి పోకూడదు. ఇంధనంతో పాటే ఆయిల్ కూడా లోపలికి వచ్చే ఈ ఇంజిన్లలో గాలి లీకు వల్ల మిశ్రమం పలచబడితే వేడి పెరగడమే కాదు, కందెన కూడా తగ్గుతుంది, పిస్టన్ పట్టేయడానికి కొద్ది నిమిషాలు చాలు. అందుకే బిగించిన తరువాత పోర్టులను మూసి, క్రాంక్‌కేస్‌కు (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే పెట్టెకు) సుమారు 6 పీఎస్ఐ గాలి ఎక్కించి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడకుండా ఇంజిన్‌ను స్టార్ట్ చేయకూడదు.

అమర్చేటప్పుడు ముఖాల చదునును స్ట్రెయిట్ ఎడ్జ్‌తోనూ (తిన్నని లోహపు పట్టీ) ఫీలర్ గేజ్‌తోనూ (సందును కొలిచే పలుచని రేకులు) చూడాలి. వంగిన ముఖాన్ని సన్నబడిన గ్యాస్కెట్ పట్టీ ఆదుకోలేదు. సీలెంట్ విషయంలో నిగ్రహం అవసరం: కూలెంట్ రంధ్రాల చుట్టూ పలుచని పూత సమంజసమే గానీ, గాలి దారుల అంచున సిలికాన్ పూస్తే అది లోపలికి ఉబికి, పెట్రోల్‌కు ఉబ్బి, ముక్కలై వాల్వు వైపు పోతుంది. బోల్టులను మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా, ఆ ఇంజిన్‌కు నిర్దేశించిన టార్క్ (బిగింపు బలం) వరకు బిగించాలి. పట్టీ సన్నబడింది కదా అని ఎక్కువ బిగించడం వల్ల పదార్థం నలిగి ఉబుకుతుందే తప్ప సీలు మెరుగవదు. మొదటిసారి పూర్తిగా బిగించి మళ్ళీ విప్పి, గ్యాస్కెట్ మీద పడిన ఒత్తిడి ముద్ర చుట్టూ తెగకుండా ఉందో లేదో చూస్తే తరువాతి కష్టాలు చాలా తప్పుతాయి. అలా నలిగిన గ్యాస్కెట్‌ను తిరిగి వాడకుండా కొత్తది వేయాలి.

ఇంజిన్ నడిచాక ఐడిల్ వేగం పెరిగినా, ఎగిసిపడుతూ ఉన్నా గాలి లీకును అనుమానించాలి. మానిఫోల్డ్‌లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం వేడి ఇంజిన్ మీద మండే ద్రవాలు చల్లడం కంటే సురక్షితం, ఖచ్చితం కూడా. వీ ఇంజిన్లలో ఒక ప్రత్యేక లక్షణం ఉంది: పోర్టు కింది అంచున సీలు పోతే బయటి గాలి కాక క్రాంక్‌కేస్‌లోని ఆయిల్ ఆవిరి లోపలికి వస్తుంది. పైన ఎంత వెతికినా లీకు కనిపించదు, కానీ సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది, ఒకటి రెండు స్పార్క్ ప్లగ్గులు నూనెతో తడుస్తాయి. పోర్టింగ్‌లో కింది గోడను ఎక్కువ తొలగించిన ఇంజిన్లలో ఇలా జరిగితే మొదట చూడవలసింది పిస్టన్ రింగులను కాదు, ఆ కింది పట్టీని.

ఫైబర్ గ్యాస్కెట్ మొదటి కొన్ని వేడి, చల్లదనపు చక్రాల్లో ఇంకొంచెం కూర్చుంటుంది కాబట్టి, ఆ ఇంజిన్ తయారీదారు అనుమతించిన చోట, పూర్తిగా చల్లారాక బోల్టుల టార్క్‌ను మరోసారి సరిచూడాలి. సరైన ఆకారం కుదిరిన తరువాత దాన్ని పలుచని అల్యూమినియం రేకు మీదికి ఎక్కించి, డోవెల్ రంధ్రాలతో సహా కోసి, హెడ్ వైపు ఏదో మానిఫోల్డ్ వైపు ఏదో రాసి, వాడిన గ్యాస్కెట్ మందాన్ని దాని మీదే చెక్కి దాచుకోవాలి. స్కానర్‌లో పక్కన కొలబద్ద పెట్టి చిత్రం తీసి, మొదట కాగితం మీద కోసి చూసి, ఆ గీతను కోత యంత్రానికి ఇస్తే షీటు నుంచి ఎన్ని కావాలంటే అన్ని ఒకే కొలతతో తీసుకోవచ్చు. పోర్టు ఒకసారి మారితే మారినట్టే, గ్యాస్కెట్ మాత్రం మానిఫోల్డ్ విప్పిన ప్రతిసారీ కొత్తది కావాలి.